రుడాల్ఫ్ డీజిలు చరిత్రము

డీజిలు అను మాట నెఱుగని విద్యార్థి మన పాఠశాలయందొక్కడును లేడు. బస్సు నెక్కినను, లారీకి త్రోవ యిచ్చినను, పొలమున ట్రాక్టరు దున్నుచుండగా చూచినను ఆ మాట చెవిని బడుచునే యుండును. అయితే అది మొదట నూనెకు బెట్టిన పేరు కాదనియు, ఒక మనుష్యుని యింటిపేరనియు నెఱిగినవారు తక్కువ. మేము తరగతిలో నీ సంగతి యడిగినపుడు ఇద్దరు ముగ్గురు మాత్రమే చేతులెత్తిరి. వారిలో నొకడు డీజిలనునది అరబ్బు దేశమునందలి యొక యూరని చెప్పెను. ఈ కారణముచేత ఆ మహాశయుని జీవితమును, ఆయన చేయించిన యంత్రముల వృత్తాంతమును మా కెఱుకయైనంత వఱకు ఇచ్చట వ్రాయుచున్నాము. యంత్రములలోపలి భాగములను, వాని కొలతలను కొంత విపులముగా చెప్పుదుము. అట్లు చెప్పనిచో ఆయన పడిన కష్టమెట్టిదో తెలియదు.

రుడాల్ఫ్ డీజిలు 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీని పారిస్ నగరమున జన్మించెను. తలిదండ్రులు జర్మనులు. తండ్రి థియొడోరు ఆగ్స్‌బర్గు పట్టణపువాడు. పుస్తకములకు అట్టలు కట్టుటయు, తోలుసామానులు చేయుటయు ఆయన వృత్తి. పని చేసిన సరకును తోపుడుబండిమీద వేసికొని వాడుకదారుల యిండ్లకు చేర్చుట బాలుడైన రుడాల్ఫు వంతు. తీరికవేళల నా బాలుడు పారిస్‌లోని శిల్పకళావస్తు ప్రదర్శనశాలకు పోయి, అచ్చటనున్న పాత ఆవిరిబండిని గంటలకొలది చూచుచు నిలిచెడివాడని చెప్పుదురు.

1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము వచ్చెను. జర్మనులు పారిస్ విడిచి పోవలసివచ్చుటచేత ఆ కుటుంబము కట్టుబట్టలతో లండను చేరెను. అచ్చట జీవనము దుర్భరమయ్యెను. పండ్రెండేండ్ల రుడాల్ఫును తలిదండ్రులు సముద్రము దాటించి ఆగ్స్‌బర్గులోని బంధువుల యింటికి పంపిరి. అచ్చటి బార్నికెలు అను నాయన గణితోపాధ్యాయుడు. ఆయన భార్య రుడాల్ఫునకు తండ్రివైపు బంధువు. ఆ యింట నాతడు కన్నబిడ్డవలె పెరిగెను. పదునాలుగవ యేటనే తాను ఇంజనీరు కాదలచితినని తలిదండ్రులకు జాబు వ్రాసెను. 1873లో పాఠశాలయందు ప్రథముడుగా నుత్తీర్ణుడయ్యెను. ఇక చదువు చాలించి సంపాదనకు దిగవలసినదని తలిదండ్రుల కోరిక. అది వారి బీదతనము పలికించిన మాటయే కాని ప్రేమ లేక కాదు. ఇట్టి పోరు మన విద్యార్థుల యిండ్లలోను జరుగుచుండుట మేమెఱుగుదుము. రుడాల్ఫు మ్యూనిక్ నగరమందలి పాలిటెక్నిక్ కళాశాలవారి విద్యార్థివేతనమును పొంది, 1875లో వారి యిష్టమునకు వ్యతిరేకముగా నచ్చట చేరెను.

ఆ కళాశాలలో కార్ల్ లిండె యను ఆచార్యుడుండెను. కృత్రిమముగా చల్లదనము కలిగించు యంత్రములను నిర్మించి పేరొందినవా డాయనయే. 1878వ సంవత్సరము వేసవిలో నొకనాడు ఆయన ఉష్ణశాస్త్రమును బోధించుచు, ఆవిరియంత్రమున కాల్చిన బొగ్గు వేడిమిలో నూటికి పదివంతులైనను పనిగా మారుట కష్టమని లెక్క వేసి చూపెను. మిగిలిన తొంబదివంతులు పొగగొట్టము గుండను, నీటి గుండను వ్యర్థముగా పోవుచున్నవి. ఈ మాట విన్న రుడాల్ఫు, వేడిమి నింతకంటె పొదుపుగా వాడు మార్గము కలదా యని పరిశోధింపవలెనని నోటుపుస్తకము అంచున వ్రాసికొనెను. ఆ అంచువ్రాత ఆతని నిరువదియేండ్లు వెన్నాడెను.

పరీక్షాసమయమున సన్నిపాతజ్వరము తగిలి ఆతడు మంచమెక్కెను. కోలుకొని, స్విట్జర్లండులోని వింటర్‌తూరు పట్టణమున సుల్జరు సోదరుల కర్మాగారమందు కొంతకాలము పని నేర్చికొని, 1880 జనవరిలో పరీక్షయిచ్చి మిక్కిలి గౌరవముతో నుత్తీర్ణుడయ్యెను. పిమ్మట లిండె ఆచార్యుని మంచుయంత్రముల పనిమీద తిరిగి పారిస్ చేరెను. 1883లో మార్తా యను కన్యను వివాహమాడెను. వారికి ఇద్దరు కుమారులును ఒక కుమార్తెయు కలిగిరి. ఆ పదియేండ్ల ఉద్యోగజీవితమును గూర్చి మేము విస్తరింపము. పగలు మంచు చేయించుట, రాత్రులు అమోనియా ఆవిరితో నడచు యంత్రమునకై పెనగులాడుట. అది ఫలింపలేదు. 1890లో కుటుంబముతో బెర్లినునకు మారెను.

ఇప్పుడు ఆయన మనస్సున మెదలిన యూహను చెప్పవలెను. సైకిలునకు గాలి కొట్టునపుడు పంపు క్రిందిభాగము వేడెక్కుట మీలో ప్రతివాడును చేతితో ముట్టి యెఱిగినదే. గాలిని వేగముగాను గట్టిగాను అదిమినచో వేడియెక్కును. మిక్కిలి గట్టిగా అదిమినచో ఆ వేడిమికి నిప్పే పుట్టును. విద్యార్థిగా నుండగా ఈ సూత్రముచేత దూదిని రగుల్చు చిన్న గాజుగొట్టమును డీజిలు చూచియుండెనని కొందఱు చెప్పుదురు. అంతవఱకు వచ్చిన యంత్రములలో గ్యాసును గాని ఆవిరిచేసిన నూనెను గాని ముందుగనే గాలితో కలిపి, పిమ్మట జ్వాలచేతనో విద్యుత్కణముచేతనో వెలిగించెడివారు. డీజిలు పద్ధతి వేఱు. సిలిండరులోనికి వట్టి గాలిని మాత్రమే పీల్చి, దానిని ఎఱ్ఱగా కాలిన యినుమువలె వేడెక్కువఱకు అదిమి, అటుపిమ్మట నూనెను కొంచెము కొంచెముగా చిమ్మవలెను. నూనె తనంతటనే మండును. వెలిగించు సాధన మక్కరలేదు.

ఈ పద్ధతికి 1892 ఫిబ్రవరిలో దరఖాస్తు చేయగా, మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో 67207 సంఖ్యగల జర్మను పేటెంటు లభించెను. అదే 1893లో తన సిద్ధాంతము నొక చిన్న గ్రంథముగా ప్రకటించెను. అందు గాలిని 250 అట్మాస్ఫియర్ల ఒత్తిడివఱకు అదుమవచ్చునని వ్రాసెను. కాగితముమీద అది సుందరమైన లెక్క. ఏ కర్మాగారమును అంత ఒత్తిడికి తాళు సిలిండరును ఆనాడు చేయజాలదు. నూనె మండుచున్నను సిలిండరులోని వేడిమి పెరుగకుండ నిలుపవచ్చునని ఆయన తలచెను, అదియు సాధ్యపడలేదు. ఈ పొరబాటులను ఆయన త్వరలోనే గ్రహించి, అదే సంవత్సరము నవంబరులో రెండవ పేటెంటునకు దరఖాస్తు చేసెను. అయినను మొదటి పేటెంటులోని మాటలు వేఱు, నడచిన యంత్రము వేఱు అను నింద ఆయనను చివరివఱకు విడువలేదు.

ఆగ్స్‌బర్గు యంత్రకర్మాగారమునకు అధిపతి హైన్‌రిఖ్ బుజ్. ఈయన మొదట సంశయించినను పిమ్మట ఒప్పుకొని యంత్రమును నిర్మింప నంగీకరించెను. క్రుప్ కంపెనీవారు ధనసహాయమునకు చేరిరి. ఈ బుజ్ దొరను మన మిచ్చట తలచుకొనవలెను. ఫలము కనబడకుండనే నాలుగేండ్లు వ్యయము భరించి, ఒక్కనాడును పని నాపనివాడాయన. ఉపజ్ఞ డీజిలుది, ఓర్పులో సగము బుజ్‌ది యని మా యభిప్రాయము.

ఇక యంత్రముల మాట. ఆగ్స్‌బర్గులో 1893 మొదలు 1897 వఱకు ఒకే వంశమునకు చెందిన యంత్రములు ఒకదాని వెనుక నొకటి పుట్టినవి. అన్నియు నిలువుగా నిలిచినవి, ఆళ్లెత్తుకు మించినవి, ఒంటి సిలిండరువి, నాలుగు నడకలవి. నాలుగు నడకలనగా గాలిని పీల్చుట, అదుముట, మండి త్రోయుట, పొగను వెడలించుట. అన్నిటిలోను పిస్టను పైనుండి క్రిందికి నడచు దూరము 400 మిల్లీమీటర్లే. మారినది సిలిండరు లోవ్యాసము. మొదటిదానికి 150 మిల్లీమీటర్లు. 1895నాటి దానికి 220. 1897లో పరీక్షకు నిలిచినదానికి 250.

సిలిండరు ఘనపరిమాణము కట్టుటకు వ్యాసార్ధ వర్గమును పైతో గుణించి, ఆ వచ్చినదానిని ఎత్తుతో గుణింపవలెనని క్షేత్రగణితమున చదివియున్నారు గదా. ఆ సూత్ర మెందుకు పనికివచ్చునని మమ్ము ఏటేట అడుగు బాలుడొకడుండును. ఇదిగో ఇందుకు పనికివచ్చును. పిస్టను ఒక్క నడకలో తుడిచిపెట్టు చోటును యంత్రకారులు ఇంజను కొలతగా నెన్నుదురు. మోటారుబండ్లవారు సీసీ యని చెప్పునది యిదియే. మొదటి యంత్రమునకు అది 7,069 ఘన సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు 7 లీటర్లు. 220 వ్యాసముగలదానికి 15,205, అనగా 15 లీటర్లకు పైన. 250 వ్యాసముగలదానికి 19,635, అనగా 19 లీటర్ల 6 వందల పైచిలుకు మిల్లీలీటర్లు. కాగితము తీసికొని మీరును కట్టి చూడుడు. వ్యాసము ఒకటికి ఒకటియు మూడింట రెండువంతులు మాత్రమే పెరిగినది. చోటు దాదాపు రెండుముప్పాతిక రెట్లు పెరిగినది.

ఈ పెరుగుటలో బలమొక్కటే కాదు లాభము. అదిమిన గాలి పిస్టను అంచు సందులగుండ కారిపోవును. ఆ అంచు చుట్టుకొలత వ్యాసముతోపాటు పెరుగును. లోనున్న గాలి వ్యాసవర్గముతో పెరుగును. కావున పెద్ద సిలిండరులో కారిపోవు వంతు తగ్గును. గోడలగుండ పోవు వేడిమివంతును అట్లే తగ్గును. మొదటి యంత్రమునకు వచ్చిన ముఖ్యరోగము ఈ కారుటయే. పిస్టను చుట్టు వేసిన రింగులు బిగువుగా నిలువకపోవుటచేత, అదిమిన గాలికి రావలసిన ఒత్తిడి రాలేదు. 250 అట్మాస్ఫియర్లను గూర్చి పుస్తకము వ్రాసినవాడు, ముప్పదియైనను నిలుపుటకు రింగులతో కుస్తీపట్టవలసివచ్చెను.

1893 ఆగస్టు 10వ తేదీని ఆ మొదటి యంత్రములో నూనె చిమ్మి చూచిరి. యంత్రము తనంతట తిరుగుట లేదు. కర్మాగారపు పెద్ద యిరుసునుండి బెల్టువేసి దానిని త్రిప్పుచుండిరి. నూనె లోనికి పోయినంతనే గొప్ప ధ్వనితో మండెను. ఒత్తిడిని కొలుచుటకు పైన బిగించిన సాధనము తునుకలై యెగిరెను. దగ్గరనున్నవారు తృటిలో తప్పించుకొనిరి. ఇది యోటమియని చూచువారు తలపవచ్చును. డీజిలు మాత్రము సంతోషించెను. నిప్పు లేకుండ, అదిమిన గాలివేడిమిచేతనే నూనె మండునని నాటితో ఋజువయ్యెను గదా.

లోపలి భాగములను పోల్చి చూచిన, ఆ మొదటి యంత్రమునకును 1897నాటి దానికిని మూడు గొప్ప భేదములు కనబడును. మొదటిది నీటిసంగతి. తన సిద్ధాంతము ప్రకారము వేడిమి వ్యర్థము కాదు గనుక సిలిండరును చల్లార్చ నక్కరలేదని డీజిలు మొదట నమ్మెను. అందుచేత 1893 సిలిండరునకు చుట్టును నీటితొడుగు లేదు. అనుభవ మాతని నమ్మికను ఓడించెను. తరువాతి సిలిండరులకు చుట్టు గోడకట్టి నీరు ప్రవహింపజేసిరి. సిద్ధాంతము వ్రాసినవాడే తన చేతులతో ఆ సిద్ధాంతమును సడలించి యినుము చెప్పినట్లు నడచుకొనుట సులభమైన పని కాదు.

రెండవది నూనె చిమ్ము విధము. మొదట నూనెను పంపుతోనే నేరుగా చిమ్మ యత్నించిరి. అది సన్నని తుంపరగా చీలక, ముద్దగా పడి, సగము మండి సగము మసియయ్యెను. 1894 ఆరంభమున క్రొత్త పద్ధతి వచ్చెను. సిలిండరులోని ఒత్తిడికంటె నెక్కువ ఒత్తిడిగల గాలిని వేఱుగా నిలువయుంచి, ఆ గాలివిసరుతో నూనెను ఊదిరి. నూనె మంచువలె చెదరి చక్కగా మండెను. అయితే ఆ గాలిని సిద్ధము చేయుటకు యంత్రమునకు ప్రక్కన మఱియొక గాలిపంపు కావలసివచ్చెను. ఒక భాగము బాగుపడుటకు ఇంకొక బరువైన భాగము చేరినది. ఇటువంటి ఊదుడు పద్ధతిని అమెరికాలో బ్రేటను అను నాయన అంతకుముందే వాడియుండెను గనుక డీజిలు దానినుండియే గ్రహించియుండునని చరిత్రకారులు కొందఱు చెప్పుదురు.

మూడవది రూపకల్పన. మొదటి యంత్రమును కూల్చి, కట్టి, మార్చి నడిపించుచు వచ్చిరి. 1897దానిని ఇమ్మాన్యుయేలు లౌస్టరు అను యువశిల్పి మొదటినుండి క్రొత్తగా గీసెను. దాని పటములు 1896 ఏప్రిలునాటికి ముగిసినవి. యంత్రము అక్టోబరునాటికి నిలిచినది. మారనివియు కొన్ని కలవు. పిస్టను కనెక్టింగు రాడ్డునకు నేరుగా తగులక, నడుమ క్రాస్‌హెడ్డు అను జారుదిమ్మను పెట్టుట మొదటినుండియు నున్నదే. ఆవిరియంత్రములు చేసి చేయితిరిగిన కర్మాగారమది; అలవాటు వెంటనే పోదు.

ఈ రెండిటి నడుమ 1894 ఫిబ్రవరి 17వ తేదీ యున్నది. ఆనాడు యంత్రము యథాప్రకారము బెల్టుతో తిరుగుచుండెను. లిండరు అను పనివాడు దానిప్రక్కన నిలిచి, బెల్టు బిగువు ఒక్కసారిగా మారుట చూచెను. అంతవఱకు కర్మాగారము యంత్రమును లాగుచుండినది. ఆ క్షణమున యంత్రమే కర్మాగారపు ఇరుసును లాగ మొదలుపెట్టినది. ఆ పనివాడు నోట మాటాడక, తలమీది టోపీని తీసి డీజిలునకు నమస్కరించెనని చెప్పుదురు. అప్పుడు యంత్రము 88 చుట్లు తిరిగినది. ఇంచుమించు ఒక్క నిమిషము. మూడేండ్ల యాలోచనకును ఏడాది కష్టమునకును ఒక నిమిషము ఫలము. 1895 జూనులో బలము కొలిచి చూడగా, నూనెలోని వేడిమిలో నూటికి 16.6 వంతులు పనిగా మారుచుండెను.

1897 ఫిబ్రవరి 17న, అనగా సరిగా మూడేండ్లకు, మ్యూనిక్‌నుండి మోరిట్స్ ష్రోటరు అను ఆచార్యుడు వచ్చి 250 వ్యాసముగల యంత్రమును పరీక్షించెను. అది 17.8 గుఱ్ఱపుశక్తుల బలమిచ్చెను. ఒక గుఱ్ఱపుశక్తిని ఒక గంటసేపు ఇచ్చుటకు 238 గ్రాముల కిరోసిను కాలెను. వేడిమిలో నూటికి 26.2 వంతులు పనిగా మారెను. లిండె ఆచార్యుని తరగతిలోని ఆ పదివంతులను జ్ఞాపకము చేసికొనుడు. లోకమున నంతవఱకు ఏ యంత్రమును ఇంత పొదుపుగా నడువలేదు.

ఇచ్చట న్యాయముగా నొక మాట చెప్పవలెను. ఇంగ్లండున అక్రాయిడ్ స్టువర్టు అను నాయన 1890లోనే నూనె యంత్రమునకు పేటెంటు పొందెను. దాని లోపలి యమరిక వేఱు. సిలిండరు తలకు బల్బువంటి యొక గది చేర్చి, దానిని మొదట దీపపుజ్వాలతో కాల్చి, ఆ వేడిగోడకు నూనె తగిలి మండునట్లు చేసెను. గాలిని అదుముట స్వల్పము. డీజిలుదానిలో వేడిగోడతో పనిలేదు, వేడిగాలియే సమస్తము. అందుచేత ఒకరి కీర్తిని మఱియొకరు దొంగిలించిరని వాదించుట మాకు తగినదిగా తోచదు. అయినను ఈ వాదము ఇంగ్లండువారిలో చాలకాలము నడచెను.

పరీక్ష విజయమైనంతనే లైసెన్సులకై దేశదేశములవారు వచ్చిరి. అమెరికాహక్కులకు అడాల్ఫస్ బుష్ అను ధనికుడు పదిలక్షల మార్కులిచ్చెను. డీజిలు ఒక్క యేటిలో కోటీశ్వరులలో చేరెను. తాను పని నేర్చిన సుల్జరు కర్మాగారమువారును 1898 జూన్ 10న తమ మొదటి యంత్రమును నడిపించిరి. దాని సిలిండరు లోవ్యాసము 260 మిల్లీమీటర్లు, నడక 410. కొలత 21 లీటర్ల 7 వందల పైచిలుకు. ఆగ్స్‌బర్గుదానికి చెల్లెలని చెప్పవచ్చును. వ్యాసమున ఒక సెంటీమీటరు, నడకలో ఒక సెంటీమీటరు పెరిగినందుకు చోటు రెండు లీటర్లకు మించి పెరిగినది చూడుడు. నిమిషమునకు 160 చుట్లు తిరిగి 20 గుఱ్ఱపుశక్తు లిచ్చెను.

కాని పరీక్షశాలలో నడచినది బజారున నడువవలదా? 1898లో కెంప్టెను పట్టణపు అగ్గిపెట్టెల కర్మాగారమునకు 60 గుఱ్ఱపుశక్తుల యంత్రము నొకదానిని అమ్మిరి. అది రెండు సిలిండర్లది. అది పలుమార్లు చెడి, మరమ్మతు చేయువారి ప్రాణము తీసెను. ఇతరచోట్ల నమ్మిన యంత్రములును అట్లే మొరాయింపగా కొన్నవారు ధిక్కరించిరి. ఆగ్స్‌బర్గులో డీజిలు పేరిట నెలకొల్పిన వేఱొక కర్మాగారము మూతపడెను. వ్యాజ్యములు, తలనొప్పులు, నిద్రలేమి ఆతనిని చుట్టుముట్టెను. కొన్ని నెలలు వైద్యాలయమున నుండవలసివచ్చెను. లౌస్టరు మొదలైనవారు ఆ వేళ చేతులు ముడుచుకొనక, వాల్వులను, గాలిపంపును, రింగులను ఒక్కొక్కటిగా సరిచేసి యంత్రము పరువు నిలిపిరి.

1900లో పారిస్ నగరమున జరిగిన లోకప్రదర్శనమందు డీజిలు యంత్రమునకు మహాబహుమానము వచ్చెను. ఆ ప్రదర్శనములోనే యొక చిన్న డీజిలు యంత్రమును వేరుసెనగనూనెతో నడిపి చూపిరి. యంత్రమున నేమియు మార్పు చేయలేదు గనుక చూచినవారిలో చాలమందికి ఆ సంగతియే తెలియలేదట. రాయలసీమనుండి వచ్చిన మన విద్యార్థులకు ఇది విని నవ్వు రావచ్చును. ఫ్రెంచి ప్రభుత్వమువారు తమ ఆఫ్రికా ప్రాంతములలో విరివిగా పండు వేరుసెనగను అచ్చటనే యింధనముగా వాడుకొనవచ్చునని తలచి ఆ పరీక్ష కోరిరి. విత్తనముల నూనెలకు ముందుకాలమున ప్రాముఖ్యము రాగలదని డీజిలు 1912లో చెప్పియుండెను.

చేతికి వచ్చిన ధనము నిలువలేదు. మ్యూనిక్‌లో గొప్ప భవనము కట్టించెను. నూనెబావులయందును భూములయందును పెట్టిన సొమ్ము మునిగిపోయెను. యంత్రముల లోపమును వెదకి పట్టుటలో నంత నిపుణుడైనవాడు లెక్కపుస్తకములోని లోపమును చూడలేకపోయెను. 1903లో పనివారి సంఘక్షేమమును గూర్చి సాలిడరిస్ముస్ అను గ్రంథమును వ్రాసి అచ్చువేయించెను. పనివారు తామే స్వల్పచందాలతో నిధి కూర్చుకొని కర్మాగారములకు యజమానులు కావలెనని దాని సారాంశము. పదివేల ప్రతులలో కొన్ని వందలు మాత్రమే అమ్ముడుపోయినవి. తన యంత్రముకంటె ఆ పుస్తకమునే ఘనకార్యముగా నాయన యెంచెనని ఆయన కుమారుడు పిమ్మట వ్రాసెను.

యంత్రము మాత్రము పెరుగుచునే పోయెను. 1912 ఫిబ్రవరిలో కోపెన్‌హేగనులో బర్‌మైస్టరు అండ్ వైన్ కర్మాగారమువారు నిర్మించిన సెలాండియా యను ఓడ బాంకాకునకు బయలుదేరెను. దానికి పొగగొట్టము లేకుండుట చూచి రేవులలో జనులు విస్తుపోయిరి. లోపల ఎనిమిదేసి సిలిండరుల డీజిలు యంత్రములు రెండుండెను. ఒక్కొక్క సిలిండరు లోవ్యాసము 530 మిల్లీమీటర్లు, నడక 730. ఒక్క సిలిండరు కొలతయే 161 లీటర్లు. ఆగ్స్‌బర్గు యంత్రములు ఎనిమిది అందులో పట్టును. పదునాఱు సిలిండరులు కలిసి 2,500 లీటర్లకు మించును. అయినను లోపలి పద్ధతి ఒక్కటియే: గాలిని పీల్చి, అదిమి, గాలివిసరుతో నూనె నూదుట.

ఈ వంశము మన కాలమునకు వచ్చుసరికి ఎట్లు మారెనో ఒక్క మాటలో చూతము. మన దేశమున 2020 వఱకు అనేకమైన చిన్న కార్లలో వాడిన ఫియట్‌వారి నాలుగు సిలిండరుల డీజిలు ఇంజను నెన్నుకొందము. దాని లోవ్యాసము 69.6 మిల్లీమీటర్లు, నడక 82. నాలుగును కలిపి 1,248 ఘన సెంటీమీటర్లు. ఆగ్స్‌బర్గుదానిలో ఇంచుమించు పదునాఱవ వంతు. బలము మాత్రము 75 గుఱ్ఱపుశక్తులు. ఇంత చిన్నది అంత పెద్దదానికి నాలుగింతల బలమెట్లిచ్చెను? నిమిషమునకు నూటయేబది చుట్లకు మాఱుగా 4,000 చుట్లు తిరుగును. టర్బో అను చక్రముచేత గాలి దట్టముగా నింపబడును. లోపల క్రాస్‌హెడ్డు లేదు, పిస్టను నేరుగా కనెక్టింగు రాడ్డును తాకును. గాలివిసరు పంపు ఎన్నడో పోయినది. నూనెను మిక్కుటమైన ఒత్తిడితో నేరుగానే చిమ్ముదురు. 1893లో డీజిలు చేయదలచి చేయలేకపోయినది ఇదియే గదా. 1927లో బాష్ కంపెనీవారి చిన్న నూనెపంపు వెలువడిన పిదపనే అది లారీలకు, కార్లకు సులభసాధ్యమైనది. మన గ్రామములలో బియ్యపుమరలను నడిపిన నూనె యంత్రములలోను స్టువర్టు వంశమువి కొన్ని, డీజిలు వంశమువి కొన్ని యుండెను. తల కాల్చి త్రిప్పవలసినది మొదటిది, కాల్పనక్కరలేనిది రెండవది.

1912లో డీజిలు ఓడల శిల్పుల సభయెదుట తన యంత్రము పుట్టిన విధమును చెప్పెను. మరుసటి సంవత్సరము దానినే గ్రంథముగా ప్రకటించెను. సభలో కొందఱు ఆచార్యులు లేచి, పేటెంటులో వ్రాసినది నడువలేదనియు, నడచినది కర్మాగారపు పనివారు చేసినదనియు నిష్ఠురముగా పలికిరి. ఆయన ఓటములను దాచక తన గ్రంథమున వ్రాసియుండెను. ఆ వ్రాతనే విమర్శకులు ఆయుధముగా పట్టిరి. సిద్ధాంతమును యినుమునకు తగినట్లు సవరించుకొనుట తప్పు కాదని మేమందుము. సవరింపనిచో 1893నాటి పగిలిన కొలతసాధనముతో కథ ముగిసియుండును.

అప్పటికి ఆయన ఋణభారమున కూరుకుపోయియుండెను. లోకమునకు మాత్రము అది తెలియదు. 1913 సెప్టెంబరులో ఇంగ్లండున ఇప్స్విచ్ పట్టణపు క్రొత్త డీజిలు కర్మాగారపు కార్యమునకు పోవలసియుండెను. బయలుదేరుటకు ముందు భార్య చేతికొక సంచి యిచ్చి వారము గడచినగాని తెఱవవలదని చెప్పెను. సెప్టెంబరు 29 సాయంకాలము ఆంట్వెర్పు రేవున డ్రెస్డెను అను ఓడ నెక్కెను. వెంట జార్జి కారెల్సు అను కర్మాగారాధిపతియు మఱియొక మిత్రుడును ఉండిరి. మువ్వురును కలిసి భోజనము చేసి, ఓడపైన కొంతసేపు తిరిగిరి. రాత్రి పది గంటలకు, ఉదయము ఆరుంబావుకు తన్ను లేపవలసినదని చెప్పి డీజిలు తన గదికి పోయెను.

ఉదయము పిలువబోయినవారికి గది శూన్యముగా కనబడెను. పడక నలుగలేదు. రాత్రిదుస్తులు తీర్చి పెట్టినవి పెట్టినట్లేయున్నవి. గడియారము పడకనుండి కనబడునట్లు వ్రేలాడుచుండెను. ఆయన టోపీయు, మడిచిన పైకోటును ఓడ వెనుకభాగమున కటకటాల క్రింద దొరికినవి. దినచర్యపుస్తకమున సెప్టెంబరు 29వ తేదీ కెదురుగా చిన్న సిలువగుర్తు గీసియుండెను. భార్య సంచి తెఱచి చూడగా కొంత రొక్కమును, ధనము నిండుకొన్నదని తెలుపు బ్యాంకులెక్కలును ఉండెను. శత్రువులు చంపిరనియు, నూనెవర్తకులు చంపించిరనియు, ప్రభుత్వపు వేగులవారి పనియనియు పత్రికలు ఎన్నియో వ్రాసినవి. ఋజువు దేనికిని దొరకలేదు. దుఃఖము మితిమీరి ఆయనయే సముద్రమున పడెనని చాలమంది చరిత్రకారులు తలతురు.

పది దినములకు పిమ్మట డచ్చివారి పడవ యొకటి ఉత్తర సముద్రమున తేలుచున్న యొక శవమును చూచెను. అది యెత్తదగిన స్థితిలో లేదు. నావికులు జేబులలోని వస్తువులను తీసికొని దేహమును తిరిగి సముద్రమునకే విడిచిరి. మందుబిళ్లల డబ్బి, డబ్బుసంచి, చిన్న చాకు, కంటద్దముల పెట్టె. అక్టోబరు 13వ తేదీని వ్లిసింగెను రేవున కుమారుడు యూజెను వానిని చేతికి తీసికొని చూచి, అవి తన తండ్రివే యని చెప్పెను.